ఒక బడి, రెండు ప్రభుత్వాలు

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ పాఠశాలకు ఇంచుమించు సమవయసు కలిగిన గ్రంథమొకటి ఉన్నది. అదే భారత రాజ్యాంగం. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన ఆ రాజ్యాంగం 2025 జనవరి 26 నాటికి డెబ్భైయయిదు సంవత్సరాలు పూర్తి చేసుకొన్నది. కన్నడ నాట, చిక్కపేట నడిబొడ్డున, ఒక తెలుగు బడి నడవడానికి కావలసిన ఆధారం ఆ గ్రంథంలోనే ఉన్నది. కనుక కేంద్ర రాష్ట్రాల మధ్య అధికారాన్ని రాజ్యాంగం ఎట్లు పంచినదో, ఆ పంపకంలో తెలుగు చదివే బిడ్డకు దక్కినదేమో ఈ శుభసమయంలో విచారించుట ఉచితంగా ఉంటుంది.

ఈ విషయం పౌరశాస్త్ర పాఠాలలో వస్తుంది. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని మూడు పేర్లు కంఠస్థం చేసి, పరీక్షలో వ్రాసి, మార్కులు రాగానే విద్యార్థి దానిని మరచిపోవుట కద్దు. అది ఢిల్లీకీ విధానసౌధకూ సంబంధించిన వ్యవహారమని పెద్దలు కూడా అనుకొంటారు. నిజానికి చిక్కపేట వీధిలో నాలుగు అడుగులు వేసిన వారికి ఆ పంపకం కళ్లెదుట కనబడుతుంది.

కెంపేగౌడ 1537లో ఈ నగరానికి పునాది వేసినప్పుడు దొడ్డపేట, చిక్కపేట వీధులు కలిసే కూడలినుండి పేట విస్తరించినదని ప్రతీతి. నాటినుండి నేటివరకు ఇది వస్త్ర వ్యాపారానికి పెట్టినది పేరు. ఇక్కడి దుకాణంలో పట్టుచీర కొన్న ఇల్లాలు బిల్లును ఒక్కసారి తేరిపార చూస్తే చాలు. పన్ను 5 శాతం. కాని అది ఒకే వరుసలో ఉండదు. సి.జి.ఎస్.టి. పేరిట 2.5 శాతం కేంద్రానికి, ఎస్.జి.ఎస్.టి. పేరిట 2.5 శాతం రాష్ట్రానికి అని రెండు వరుసలుగా ఉంటుంది. ఒకే చీర, ఒకే గల్లాపెట్టె, రెండు ప్రభుత్వాలు.

బట్టల మీది పన్ను విషయంలో ఈ సర్దుబాటు కొత్తది కాదు. అమ్మకపు పన్ను రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాలది. అయినను 1957లో చేసిన ఒక చట్టంతో మిల్లు వస్త్రాలు, పంచదార, పొగాకు మీద అమ్మకపు పన్ను వేయకుండ ఉండటానికి రాష్ట్రాలు అంగీకరించినవి. బదులుగా కేంద్రం అదనపు ఎక్సైజు సుంకం వసూలు చేసి, ఆ సొమ్మును రాష్ట్రాలకు పంచినది. అరవై ఏళ్ల తరువాత, 2017 జులై 1న, వస్తు సేవల పన్ను వచ్చినది. దాని రేట్లను సిఫారసు చేసే మండలిలో కేంద్రం ఓటుకు మూడవ వంతు విలువ, రాష్ట్రాలన్నింటి ఓట్లకు కలిపి మూడింట రెండు వంతుల విలువ. ఏ తీర్మానానికైనా నాలుగింట మూడు వంతుల బలం కావలెను. అనగా కేంద్రం ఒక్కటే ఏమీ చేయజాలదు. రాష్ట్రాలన్నీ ఏకమైనను కేంద్రాన్ని కాదని ఏమీ చేయజాలవు. ఇద్దరికీ ఇద్దరూ కావలెను.

అదే 2017వ సంవత్సరం జూన్ నెలలో చిక్కపేట భూగర్భ మెట్రో స్టేషను ప్రారంభమైనది. ఆ రైలును నడిపే సంస్థలో కేంద్ర ప్రభుత్వానికి సగం, కర్ణాటక ప్రభుత్వానికి సగం వాటా ఉన్నది. ప్రభుత్వ పాఠశాలలలోను, ఎయిడెడ్ పాఠశాలలలోను మధ్యాహ్నం బిడ్డ పళ్లెంలోకి వచ్చే అన్నం సంగతి కూడ ఇంతే. వంట ఖర్చులో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. పిల్లలకు పాలు పోసే పథకం మాత్రం 2013లో కర్ణాటక తానే మొదలుపెట్టినది. ఈ ఉదాహరణల వలన తేలేదేమనగా, అధికార విభజన గోడ కట్టి ఇల్లు రెండు చేయడం కాదు. అది ఉమ్మడి కుటుంబంలోని పనుల పంపకం వంటిది.

అయితే ఉమ్మడి కుటుంబంలో ఒక ప్రమాదం ఉన్నది. ఇద్దరిదీ అయిన పని ఒక్కొక్కప్పుడు ఎవరిదీ కాకుండ పోతుంది. తెలుగు బడి విషయంలో సభవారు ప్రత్యేకంగా ఆలోచించవలసినది ఈ ప్రమాదాన్ని గురించియే.

విద్య మొదట రాష్ట్రాల అధీనంలోనే ఉండెను. 1976లో చేసిన 42వ రాజ్యాంగ సవరణ ద్వారా అది ఉమ్మడి జాబితాలోకి మారినది. ఆ మార్పు 1977 జనవరి 3నుండి అమలైనది. విద్యతోబాటు అడవులు, వన్యమృగ సంరక్షణ, తూనికలు కొలతలు, న్యాయ పరిపాలన కూడ అట్లే మారినవి. ఉమ్మడి జాబితాలోని అంశంపై పార్లమెంటూ శాసనం చేయవచ్చును, రాష్ట్ర శాసనసభయు చేయవచ్చును. రెండింటికీ వైరుధ్యం వస్తే సాధారణంగా పార్లమెంటు చేసిన చట్టమే చెల్లుతుంది. ఇందుకు తగినట్లు నిర్బంధ ఉచిత విద్యా చట్టాన్ని 2009లో పార్లమెంటు చేసినది. కన్నడం నేర్పుటను తప్పనిసరి చేసే చట్టాన్ని 2015లో కర్ణాటక చేసినది. పాఠ్యపుస్తకం, పరీక్ష, పాఠశాల గుర్తింపు, ఉపాధ్యాయుని జీతం వంటి నిత్యకృత్యాలు రాష్ట్రం చేతిలోనే మిగిలినవి.

ఇంతవరకు అన్ని బడులకూ సమానమే. తెలుగు బడికి ప్రత్యేకమైన కథ భాషా రాష్ట్రాల ఏర్పాటుతో మొదలైనది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చినవి. తక్కిన జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరినది. 1956 నవంబరు 1న దేశపటం భాషల ప్రకారం మరల గీయబడినది. గీత ఎక్కడ గీసినను, అటువారు కొందరు ఇటు, ఇటువారు కొందరు అటు మిగిలిపోవుట అనివార్యం. బాగేపల్లి, ముళబాగిలు, పావగడ ప్రాంతాలలో తెలుగు ఇంటింటా వినబడుతుంది. ఆదోని, రాయదుర్గం, మడకశిర వైపు కన్నడం వినబడుతుంది. 2011 జనగణన ప్రకారం కర్ణాటకలో కన్నడం, ఉర్దూ తరువాత ఎక్కువమందికి మాతృభాష తెలుగే. నూటికి దాదాపు ఆరుగురు తెలుగువారు.

ఈ మిగిలిపోయినవారి సంగతి రాష్ట్రాల పునర్విభజన సంఘం దృష్టికి రాకపోలేదు. ఫజల్ ఆలీ అధ్యక్షుడుగా, కుంజ్రూ, పణిక్కర్ సభ్యులుగా ఉన్న ఆ సంఘం 1955లో నివేదిక సమర్పిస్తూ భాషాపరమైన అల్పసంఖ్యాకులకు రక్షణలు కావలెనని సూచించినది. దాని ఫలితంగా 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350-ఎ, 350-బి అనే రెండు అధికరణాలు చేరినవి. మైనారిటీలు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకొనే హక్కును 30వ అధికరణం అప్పటికే ఇచ్చి ఉన్నది. తెలుగు బడిని నిలబెట్టిన స్తంభాలు ముఖ్యంగా ఈ మూడే.

350-ఎ అధికరణాన్ని నిదానంగా చదువవలెను. అల్పసంఖ్యాక భాషా వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన సదుపాయాలు కల్పించుటకై ప్రతి రాష్ట్రమూ, రాష్ట్రంలోని ప్రతి స్థానిక సంస్థయు ప్రయత్నించవలెనని అందు ఉన్నది. అవసరమని తోచినచో రాష్ట్రపతి ఆయా రాష్ట్రాలకు ఆదేశాలివ్వవచ్చుననియు ఉన్నది. పని రాష్ట్రానిది; కావలి కేంద్రానిది. ఇక 350-బి ప్రకారం నియమితుడైన ప్రత్యేకాధికారి ఈ రక్షణల అమలును పరిశీలించి రాష్ట్రపతికి నివేదిస్తాడు. భాషాల్పసంఖ్యాకుల కమిషనర్ అని పిలువబడే ఆ పదవి 1957నుండి ఉన్నది. ఆ నివేదికలు పార్లమెంటు ముందుంచబడతాయి, రాష్ట్రాలకు పంపబడతాయి.

ఏర్పాటు చక్కనిదే. అయితే "ప్రయత్నించవలెను" అన్న మాటకు, "కల్పించి తీరవలెను" అన్న మాటకు మధ్య ఎంత దూరమున్నదో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. కమిషనర్ నివేదిక వ్రాయగలడు గాని, ఖాళీగా ఉన్న తెలుగు ఉపాధ్యాయుని కుర్చీలో ఒకరిని కూర్చుండబెట్టలేడు. ఆ కుర్చీని నింపగల రాష్ట్రానికి వేయి పనులు. తెలుగు తరగతి ఆ వేయింటిలో ఒకటి. ఇది ఎవరి దుర్బుద్ధియు కాదు. కావలివాడు ఒకరు, పనివాడు మరొకరు అయినచోట, అడిగేవాడు లేకుంటే పని వెనుకబడుతుంది.

కర్ణాటక ఈ విషయంలో చేసినది తక్కువ కాదని కృతజ్ఞతతో చెప్పుకొనవలెను. రాష్ట్ర పాఠ్యపుస్తక సంఘం కన్నడం, ఇంగ్లీషు, హిందీ, మరాఠీ, తెలుగు, తమిళం, ఉర్దూ అనే ఏడు మాధ్యమాలలో పుస్తకాలు ముద్రిస్తూ వచ్చినది. మరొక రాష్ట్రపు అధికార భాషలో ఒక ప్రభుత్వం తన ఖర్చుతో గణితం, విజ్ఞానశాస్త్రం అచ్చువేయించుట సామాన్యమైన ఔదార్యం కాదు.

అదే సమయంలో కన్నడిగులకు తమ భాషను గురించిన ఆవేదన ఒకటి ఉన్నది. తమ రాజధానిలో తమ భాషకు చోటు తగ్గుతున్నదన్న ఆ బాధ న్యాయమైనదే. వి.కృ. గోకాక్ గారి సమితి 1981లో ఇచ్చిన నివేదిక, దాని అమలు కోరుతూ సాగిన ఉద్యమం, అందులో నటుడు డాక్టర్ రాజకుమార్ పాల్గొనుట పెద్దలకు జ్ఞాపకముండే ఉంటుంది. ఉన్నత పాఠశాలలలో కన్నడాన్ని ఏకైక ప్రథమ భాషగా చేస్తూ 1982లో వెలువడిన ఉత్తర్వు కర్ణాటక హైకోర్టు పూర్ణ ధర్మాసనం ముందు 1989లో నిలువలేదు. ప్రభుత్వం విధానాన్ని సవరించుకొన్నది. సవరించిన ఆ విధానాన్ని 1993 డిసెంబరులో సుప్రీంకోర్టు సమర్థించినది.

ఆ మరుసటి ఏడు, 1994 ఏప్రిల్‌లో, ఒకటినుండి నాలుగు తరగతుల వరకు బోధన మాతృభాషలోగాని కన్నడంలోగాని జరుగవలెనని రాష్ట్రం ఆదేశించినది. మాతృభాషా బోధనను కోరేవారికి అది అనుకూలంగా తోచిన ఉత్తర్వు. తెలుగు బిడ్డకు తెలుగులో చదివే వీలు అందులో ఉన్నది. కాని అది కూడ న్యాయస్థానాలకెక్కినది. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకు అది చెల్లునని, తక్కినవాటికి చెల్లదని 2008లో హైకోర్టు తీర్పు చెప్పినది. తుదకు 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ప్రైవేటు పాఠశాలలపై మాతృభాషా మాధ్యమాన్ని రాష్ట్రం బలవంతంగా రుద్దరాదని తేల్చినది. బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించవలసినది తల్లి లేదా తండ్రియేనని కూడ చెప్పినది.

ఈ ముప్పైరెండేళ్ల కథలో గమనించవలసిన విశేషమొకటి ఉన్నది. ఉత్తర్వు రాష్ట్రానిది. దానిని తూచిన తక్కెడ దేశమంతటికీ ఒక్కటైన రాజ్యాంగం. తుది నిర్ణయం మాత్రం విధానసౌధకూ రాలేదు, ఢిల్లీకీ పోలేదు. తల్లిదండ్రుల చేతికి వచ్చినది. కేంద్రం ఒకటి, రాష్ట్రం రెండు అని లెక్కించేవారు ఇంటిని మూడవదిగా లెక్కించుట మరువరాదు.

ఆ మూడవ అధికారం వినియోగమౌతున్న తీరు మాత్రం ఆలోచింపజేస్తుంది. 1949లో జరిగిన ప్రాంతీయ విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క చెప్పినది. పాఠశాల మొత్తంలో నలభైమంది, లేదా ఒక తరగతిలో పదిమంది పిల్లలు ఆ భాషవారున్నచో మాతృభాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించవలెను. అటుపిమ్మట దశాబ్దాల తరబడి భాషాల్పసంఖ్యాకుల రక్షణలకు ఈ సంఖ్యలే కొలమానమైనవి. దీని అర్థమేమి? కాగితం మీద హక్కు శాశ్వతం. తరగతి గదిలో అది తలల లెక్కను బట్టి ఉంటుంది. పదకొండుమంది ఉన్నంతకాలం తెలుగు పంతులమ్మను అడుగుటకు నోరుంటుంది. తొమ్మండుగురైన నాడు ఆ నోరు సన్నగిల్లుతుంది. ఆ తరువాత ఏ ప్రభుత్వాన్నీ నిందించుటకు వీలుండదు. ఎందుకనగా ఏ ప్రభుత్వమూ బడి మూయలేదు.

ఇంగ్లీషు వద్దని ఈ మాటల తాత్పర్యం కాదు. బిడ్డ బతుకుతెరువును గురించి తల్లిదండ్రులు పడే ఆరాటం ఎవరూ తప్పుపట్టరానిది. ఇంగ్లీషు బాగుగా నేర్పుట తెలుగు బడి బాధ్యతయే. ఆ పని సరిగా జరుగనిచోట తల్లిదండ్రులు వేరు బడి వెదకుకొనుట సహజం. కాని అయిదేళ్ల బిడ్డకు లెక్క అర్థమయ్యే భాషలోనే లెక్క చెప్పవలెనన్న సూత్రం ఉపాధ్యాయ శిక్షణలో మొదటి పాఠం. సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధన జరుగవలెనని 2009 నాటి కేంద్ర చట్టమూ చెప్పినది. రాజ్యాంగం, కేంద్ర చట్టం, రాష్ట్ర పాఠ్యపుస్తకం మూడూ ఒక మాట మీద ఉండగా, ఆ మాటను ఆచరణలో పెట్టగల ఇల్లు వెనుకాడరాదు.

ఇక రెండవ కర్తవ్యం, ఏ పనికి ఏ తలుపు తట్టవలెనో తెలిసి ఉండుట. బడి గుర్తింపు, గ్రాంటు, ఉపాధ్యాయ నియామకం, పుస్తకాల సరఫరా ఇవన్నీ రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ పనులు. వీటికై వెళ్లవలసినది బి.ఇ.ఓ., డి.డి.పి.ఐ. కార్యాలయాలకు. మాతృభాషా సదుపాయం నిరాకరింపబడినదని తోచినచో భాషాల్పసంఖ్యాకుల కమిషనర్‌కు వ్రాయవచ్చును. కేంద్రంలోగాని, ఆ రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా తన కష్టాన్ని అర్జీగా వ్రాసి అధికారికి ఇచ్చే హక్కు 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఇచ్చినది. ఆపైన హైకోర్టు ఉండనే ఉన్నది. అర్జీ పెట్టనివాని కష్టం ఏ నివేదికలోనికీ ఎక్కదు.

మూడవ కర్తవ్యం కన్నడాన్ని గురించినది. తెలుగువారు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అధికసంఖ్యాకులు, కర్ణాటకలో అల్పసంఖ్యాకులు. ఎవరు అల్పసంఖ్యాకులో రాష్ట్రాన్ని యూనిట్‌గా తీసుకొని నిర్ణయించవలెనని సుప్రీంకోర్టు 2002 అక్టోబరు 31న పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా స్పష్టం చేసినది. ఆ వ్యాజ్యం కూడ కర్ణాటకలోని మణిపాల్‌నుండి వెళ్లినదే. ఈ సూత్రానికి ఇంకొక పార్శ్వం ఉన్నది. ఆంధ్ర సరిహద్దు గ్రామాలలో కన్నడ మాధ్యమ బడులున్నవి. అక్కడి కన్నడ బిడ్డకు ఏ న్యాయం కావలెనో, ఇక్కడి తెలుగు బిడ్డకు అదే న్యాయం. అక్కడి కన్నడ బిడ్డ తెలుగు నేర్చినట్లే ఇక్కడి తెలుగు బిడ్డ కన్నడం చక్కగా నేర్వవలెను. చట్టం ఉన్నది గనుక మాత్రమే కాదు. అన్నం పెట్టిన నేల భాష గనుక. రెండు లిపులూ ఒకే కొమ్మకు పూచిన పూలవలె ఉన్నవి. తెలుగు అక్షరాలు వచ్చిన బిడ్డకు కన్నడం చదువుట కొద్ది దినాల పని.

కేంద్రం పెద్దదా, రాష్ట్రం పెద్దదా అన్న వాదం ఈ నగరానికి కొత్త కాదు. దక్షిణాది ముఖ్యమంత్రుల సమావేశం 1983 మార్చిలో బెంగళూరులోనే జరిగినది. కేంద్ర రాష్ట్ర సంబంధాలను పరిశీలించుటకు సర్కారియా కమిషన్ ఆ నెలలోనే ప్రకటింపబడినది. 1989లో కర్ణాటకలో ఎస్.ఆర్. బొమ్మై ప్రభుత్వం రద్దయినప్పుడు నడిచిన వ్యాజ్యంలో, 1994 మార్చి 11న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఫెడరల్ విధానం రాజ్యాంగ మూలస్వరూపంలో భాగమని చెప్పినారు. శాసనసభలో బలముందో లేదో సభలోనే తేలవలెనన్నారు. రాష్ట్రం కేంద్రానికి అనుచరుడు కాదని ఆ తీర్పు వలన స్థిరపడినది. అట్లే రాష్ట్రంలోని అల్పసంఖ్యాకులు అధికసంఖ్యాకుల దయ మీద బ్రతికేవారు కారని 30వ అధికరణం వలన స్థిరపడినది. ఈ రెండింటి మూలసూత్రం ఒక్కటే: పెద్ద చేయి చిన్న చేతిని నొక్కివేయరాదు.

ఇన్నేళ్లుగా ఈ బడిని కాపాడినది ఏ ఒక్క ప్రభుత్వమూ కాదు. రాజ్యాంగం హక్కునిచ్చినది, రాష్ట్రం పుస్తకమిచ్చినది, పేటలోని పెద్దలు చేయూతనిచ్చినారు, తల్లిదండ్రులు బిడ్డలనిచ్చినారు. ఈ నాలుగింటిలో ఏది తగ్గినను తక్కిన మూడూ చాలవు. మొదటి మూడూ ఇంకను చెక్కుచెదరలేదు. నాలుగవదాని విషయంలోనే ఈ సభకు విన్నపం. పూర్వ విద్యార్థులు తమ బిడ్డలను, మనుమలను ఒక్కసారి తీసుకొనివచ్చి ఈ తరగతి గదులు చూపింతురు గాక. చూచిన పిమ్మట నిర్ణయం వారిదే. ఆ స్వేచ్ఛ రాజ్యాంగమిచ్చినది. జూన్‌లో బడి తెరిచిననాడు ఒకటవ తరగతి హాజరుపట్టీలో పేర్లు పదికి తగ్గకుండునట్లు చూచుటయే ఈ ప్లాటినం జూబిలీకి తగిన కానుక.